ఆరాం లేదు

మా ఆఫీసు లిఫ్టుకి ఎర్ర రిబ్బను కట్టిన రోజు నాకింకా గుర్తుంది. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, చీరల షాపు పైన, నాలుగో అంతస్తులో మా బ్రాంచి. ప్రైవేటు ఇన్సూరెన్సు కంపెనీ. ఆ సోమవారం పొద్దున వెళ్ళేసరికి లిఫ్టు తలుపుకి అడ్డంగా రిబ్బను, దాని మీద ఒక కాగితం: ‘మీ గుండె మెట్లను ప్రేమిస్తుంది.’ ముంబై హెడ్డాఫీసు వాళ్ళు ఇంగ్లీషులో పంపినదాన్ని మావాళ్ళు తెలుగు చేసి అంటించారు. గుండె సంగతి తెలియదు గాని నా మోకాళ్ళు మాత్రం ఆ రోజే ముంబైని తిట్టుకోవడం మొదలుపెట్టాయి.

ఉద్యోగుల ఆరోగ్యం బాగుచేయాలని కంపెనీకి బుద్ధి పుట్టిందని మేనేజరు మీటింగు పెట్టి చెప్పాడు. సాయంత్రం నాలుగింటికి కింద బండి మీంచి వచ్చే మిరపకాయ బజ్జీలు బంద్. వాటి బదులు కొత్తపేట మార్కెట్ నుంచి బుట్టెడు పళ్ళు. కూల్‌డ్రింకులు పెట్టే ఫ్రిజ్జులో మజ్జిగ ప్యాకెట్లు. బీపీ, షుగరు చూడ్డానికి ఒక నర్సు. నవ్వించడానికి ఒక ట్రైనర్. ఆ ట్రైనర్ మమ్మల్ని వరసగా నిలబెట్టి, చేతులు పైకెత్తించి, కారణం లేకుండా నవ్వమనేవాడు. మా ఆఫీసులో అప్పట్లో నవ్వడానికి కారణం దొరకడం కష్టమే కాబట్టి, అతను చేసిందీ సబబేనేమో.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. ఎక్కడో ఒకచోట ధర్నా, ఏదో ఒక వారం బంద్. మా ఆఫీసులో ఎవరూ ఎవరితోనూ గొడవపడలేదు. అంతకంటే అన్యాయంగా, ఒకరితో ఒకరు మర్యాదగా ఉండటం మొదలుపెట్టారు. భోజనాల దగ్గర ఒకప్పుడు అందరూ ఒకే పెద్ద బల్ల చుట్టూ కూర్చునేవారట. నేను చేరేసరికే అది రెండు బల్లలైంది. కిటికీ వైపు తెలంగాణవాళ్ళు, నీళ్ళ క్యాను వైపు కోస్తావాళ్ళు. నీళ్ళు కావాలంటే అటువాళ్ళు ఇటు రావాలి, గాలి కావాలంటే ఇటువాళ్ళు అటు పోవాలి. ఎవరూ కదిలేవారు కాదు. ఒక బల్ల దాహంతోనూ, ఒక బల్ల ఉక్కతోనూ భోజనం ముగించేది.

నేను గోదావరి వైపు నుంచి ప్రమోషన్ పేరు మీద వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. నలభై దాటాయి. పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదన్నది వేరే కథ, దానికి ఇక్కడ చోటు లేదు. నీళ్ళ క్యాను బల్లే నాది అనుకుని వెళ్ళి కూర్చున్నాను. వాళ్ళంతా ఎప్పుడో వచ్చి వనస్థలిపురంలో ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు. పిల్లల కోచింగులు, ప్లాట్లు, రాష్ట్రం విడిపోతే ఆ ప్లాట్ల గతేంటన్న దిగులు. నాకు పిల్లలూ లేరు, ప్లాటూ లేదు, పంచుకుందామంటే ఆ దిగులు కూడా లేదు. డబ్బా మూత తీసి, తిని, మూత పెట్టి లేచేదాన్ని.

ఎల్బీనగర్‌లో మేడ మీద ఒక గది, ఒక వంటిల్లు అద్దెకు తీసుకున్నాను. ఆదివారం భీమవరం నుంచి అక్క ఫోన్ చేసేది. మిగతా రోజుల్లో ఇంట్లో నా గొంతు నాకే వినబడేది కాదు. ఆదివారం మధ్యాహ్నం బట్టలారేయడానికి పైకి వెళితే నాదర్‌గుల్ వైపు నుంచి చిన్న చిన్న విమానాలు వచ్చేవి. నేర్చుకునే పిల్లలు నడిపేవి. చుట్టూ తిరిగి తిరిగి బయల్దేరిన చోటే దిగేవట. బకెట్టు పట్టుకుని వాటిని చూస్తూ నిలబడేదాన్ని. ఆ రోజుల్లో నేను కోరుకున్నది ఒక్కటే. ఆ ఊళ్ళో నాకంటూ ఒక మనిషి ఉండాలి. నేను కనబడకపోతే ఎందుకు కనబడలేదని అడిగే మనిషి.

ఆ మనిషిని ముంబై వాళ్ళే చీటీ తీయించి ఇచ్చారు.

కంపెనీ పథకంలో అసలు సంగతి ‘బడ్డీ’. ప్రతి ఉద్యోగికీ ఒక నడక జత ఉండాలి. రోజూ ఇద్దరూ కలిసి నడవాలి. నడిస్తే గోడ మీది చార్టులో వాళ్ళ వరసలో ఒక నక్షత్రం అంటిస్తారు. ఒక్కరే నడిస్తే నక్షత్రం లేదు. మనకు తెలిసిన బడ్డీ అంటే సిగరెట్లూ సోడాలూ అమ్మే కొట్టు. ‘మేడమ్, మీ బడ్డీ ఎక్కడ’ అని ఎవరైనా అడిగితే ‘బస్ డిపో పక్కన, కిళ్ళీలు కూడా దొరుకుతాయి’ అనేదాన్ని. ఎవరి జత వాళ్ళని ఎంచుకోమంటే రెండు బల్లలు కాస్తా రెండు ఊరేగింపులవుతాయని మేనేజరుకు భయం పట్టుకుంది. అందుకని పేర్లన్నీ చీటీల మీద రాసి, స్టీలు డబ్బాలో వేసి, కళ్ళు మూసుకుని తీశాడు. నా చీటీ వెంట కిటికీ బల్ల మనిషి వచ్చింది.

క్లెయిముల కౌంటరులో కూర్చునే ఆవిడ. నాకంటే కాస్త చిన్న. నల్లగొండ జిల్లాలో బత్తాయి తోటలున్న ఊరు. భర్త లారీ డ్రైవరు, సగం రోజులు రోడ్ల మీదే. అత్తతో కలిసి కొత్తపేటలో పండ్ల మార్కెట్ వెనక సందులో ఉండేది. ఆదివారం ధర్నాకు వెళ్ళి, సోమవారం బొంగురు గొంతుతో వచ్చి, ఆ గొంతుతోనే కస్టమర్లకు క్లెయిములు వివరించేది. ఇద్దరం ఒకే దారిన ఇంటికి పోతాం కాబట్టి సాయంత్రం ఆఫీసయ్యాక నడుద్దామన్నాం.

మొదటి రోజు మెట్లు దిగుతూనే అడిగింది. “నువ్వు ఎల్బీనగర్‌ల ఏడుంటవక్కా?”

నాకు ‘అక్కా’ కంటే ముందు ‘నువ్వు’ వినబడింది. మా వైపు పాలు పోసే మనిషిని కూడా అండీ అంటాం. పరిచయమైన పూటే, అందులోనూ వయసులో పెద్దదాన్ని, నువ్వంటుందేమిటని లోపల చురుక్కుమంది. నా మర్యాద ఏమిటో ఆమెకు తెలియాలని గట్టిగా అన్నాను. “రింగ్ రోడ్డు దాటాక అండి. మీరు కొత్తపేటలో ఎటువైపండి?”

ఆమె ఆగి నా మొహం చూసింది. “గంత దూరం పెడ్తున్నవేందక్కా. మీరు, అండి... ఫోన్ల కస్టమర్‌తోని మాట్లాడినట్టున్నది.”

ఆమెకు నా మర్యాద దూరం. నాకు ఆమె దగ్గరితనం అమర్యాద. ఆ సంగతి తేలడానికి చైతన్యపురి దాకా నడవాల్సివచ్చింది. అప్పటికీ నేను ‘అండి’ని వదల్లేదు. నాలిక్కి అలవాటు. కొన్ని రోజులకు అదంతటదే ఊడిపోయింది. ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు. ఒకసారి రోడ్డు దాటుతుంటే ఆటో వాడు మీదికి వచ్చాడు. “ఇటు రా, నువ్వేమైనా పిచ్చిదానివా” అని చెయ్యి పట్టి లాగాను. ఆమె తిట్టు పట్టించుకోలేదు. “నువ్వు అన్నవ్” అని నవ్వింది.

ఆ నడకంటే అంత గొప్ప నడకేం కాదు. హాస్టళ్ళ బోర్డులు, కోచింగ్ సెంటర్ల మెట్ల మీద కూర్చున్న పిల్లలు, ఫుట్‌పాత్ మీదికి వచ్చేసిన చుడీదార్ల స్టాండ్లు. వాటి సందుల్లోంచి పక్కకు తిరిగి నడవాలి. పక్కపక్కన నడిచింది తక్కువ, ఒకరి వెనక ఒకరం నడిచిందే ఎక్కువ. మాటలు మాత్రం ఆగేవి కాదు. దారిలో కాల్చిన పల్లీలు కొనేది. అది ముంబై వాళ్ళు ఒప్పుకునే తిండో కాదో మాకు తెలియదు, మేము అడగలేదు. నేను వేరుశనక్కాయలన్నాను ఒకసారి.

“అన్నీ పొడుగు పేర్లే మీకు. గోకరకాయను గోరుచిక్కుడంటరు, పల్లీని గింత పొడుగు అంటరు. మీ దిక్కు టైమ్ మస్తుంటదేమో.”

“మీ దిక్కు అన్నీ పొట్టి పేర్లు. తొందరగా చెప్పేసి ఎక్కడికి పోవాలో?”

“ధర్నాకు” అంది.

ఆ మాట మీద ఇద్దరం పల్లీలు ఒలుచుకుంటూ నాలుగడుగులు వేశాం. నేనే అడిగాను. “మీ రాష్ట్రం వస్తే నన్ను పొమ్మంటారా?”

“నిన్నెవరు పొమ్మంటరక్కా. నువ్వేం గుంజుకున్నవ్ మా దగ్గర. ఉండు. కిరాయి కట్టుకుంట మంచిగుండు.” కొంచెం ఆగి మళ్ళీ అంది. “నువ్వు పోతే నాకు నక్షత్రం ఎవలిస్తరు?”

కొత్తపేట మార్కెట్ దగ్గరికి వచ్చేసరికి గడ్డి వాసన, మగ్గిపోయిన పళ్ళ వాసన కలిసి వచ్చేవి. అక్కడ ఆమె సందు. “పోయొస్తనక్కా” అని లోపలికి తిరిగేది. ఎల్బీనగర్ దాకా మిగిలిన దారి నేనొక్కదాన్నే. ఆ మిగిలిన దారి అంతకుముందు రోజూ నడిచిందే, బస్సెక్కిందే. ఒకరిని వదిలిపెట్టి నడిస్తే అదే దారి పొడుగవుతుందని అప్పుడే తెలిసింది. అయినా నాకు సంతోషంగానే ఉండేది. మర్నాడు సాయంత్రం ఒకటుందన్న సంతోషం.

వినాయక చవితి వెళ్ళింది. బాలాపూర్ లడ్డూ వేలంలో ఎవరు పాడుకున్నారన్న ముచ్చట్లు రెండు బల్లల మీదా ఒకేలా జరిగాయి. వీధి మంటపం లడ్డూ మా ఆఫీసుకు కూడా వచ్చింది. స్వీట్లు వద్దన్న పథకం నడుస్తుంటే ఏం చేయాలో తోచక మేనేజరు చాలాసేపు ఆలోచించి ప్రసాదం స్వీటు కిందికి రాదని తీర్పు చెప్పాడు. ఆ ఒక్కరోజు అందరం ఒక్కచోట నిలబడి తిన్నాం.

ఆ తర్వాత సమ్మె మొదలైంది. గవర్నమెంటు ఆఫీసులు మూతపడ్డాయి, బడులు మూతపడ్డాయి, సిటీ బస్సులు డిపోల్లోంచి కదల్లేదు. మాది ప్రైవేటు కాబట్టి ఆఫీసుంది. కాని రాగలిగినవాళ్ళే వచ్చేవారు. నేను ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు నడిచి వెళ్ళి, నడిచి వచ్చేదాన్ని. ఆమె కౌంటరులో కనబడలేదు. ఒకరోజు చూశాను, రెండు రోజులు చూశాను. మేనేజరు లీవులో ఉందన్నాడు. అంతకంటే అతనూ చెప్పలేదు, నేనూ అడగలేదు. కిటికీ బల్ల దగ్గర సగం మంది లేరు. ఆమె కూడా వాళ్ళతో ధర్నా టెంటులో కూర్చుని ఉంటుందని నీళ్ళ క్యాను బల్ల తేల్చేసింది.

మూడో రోజు సాయంత్రం ఆమే ఫోన్ చేసింది. వెనకాల డప్పులు, మైకులో పాట. ఆ హోరులో ఆమె గొంతు సన్నగా వచ్చింది.

“అక్కా, నాకు ఆరాం లేదక్కా. నడుసుడు నాతోని కాదు. జర ఏమనుకోకు.”

ఆరాం. మా వైపు ఆరాంగా అంటే తీరిగ్గా అని. ‘వాడికేం, అరుగు మీద ఆరాంగా కూర్చున్నాడు’ అంటాం. నాకు వినబడింది తీరిక లేదని. టెంటులో కూర్చోవడానికి తీరికుంది, పాటలకు తీరికుంది, నాతో కొత్తపేట దాకా నడవడానికి మాత్రం తీరిక లేదన్నమాట. మైకు ఇంకా మోగుతూనే ఉంది. నాకు ఒళ్ళు మండింది. ఒళ్ళు మండితే నాకు తిట్లు రావు, మర్యాద వస్తుంది. ఊడిపోయిన ‘అండి’ అంతా తిరిగొచ్చింది.

“సరేలేండి. ఆరాం దొరికినప్పుడే రండి” అన్నాను.

“సరే అక్కా” అని పెట్టేసింది.

దెబ్బకు దెబ్బ తీశాననుకున్నాను. ఆ రాత్రి అన్నం వండుకోలేదు. అటుకులు తిని పడుకున్నాను. కోపం ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది, అదీ ఒక తోడే. అది తగ్గాకే అసలు బాధ. నాలుగు రోజులకు కోపం తగ్గింది. నడక మాత్రం తగ్గలేదు. పొద్దునా సాయంత్రమూ షట్టర్లు దించిన రోడ్డు మీద నడిచేదాన్ని. చుడీదార్ల స్టాండ్లు లేవు. ఫుట్‌పాత్ అంతా ఖాళీ. ఇద్దరు పక్కపక్కన హాయిగా నడవచ్చు. ఆ ఖాళీ చూస్తేనే ఏడుపొచ్చేది.

కొత్తపేటలో ఆమె సందు మొదట్లోనే ఆ టెంటు. లోపల జనం కూర్చుని ఉండేవారు. నేను అటు చూడకుండా, కొంగు సర్దుకుంటూ దాటిపోయేదాన్ని. చూస్తే ఆమె కనబడుతుందేమోనని భయం. కనబడకపోయినా భయమే.

ఇంతలో ముంబై నుంచి మెయిల్ వచ్చింది. బస్సులు లేక అందరం నడిచి వస్తున్నామని ఎవరో రిపోర్టులో రాసినట్టున్నారు. వాళ్ళకు బస్సుల సంగతి ఎక్కలేదు, నడిచిన సంగతే ఎక్కింది. దిల్‌సుఖ్‌నగర్ బ్రాంచి ఉద్యోగులు వాహనాలు వదిలిపెట్టి నడకను జీవన విధానంగా చేసుకున్నందుకు అభినందనలట. దేశంలోని బ్రాంచీలన్నీ మమ్మల్ని చూసి నేర్చుకోవాలట. మేనేజరు దాన్ని ప్రింటు తీసి లిఫ్టు పక్కన అంటించాడు. చదివి రెండు బల్లలూ నవ్వాయి. నా పక్కన నవ్వే మనిషి లేదు. చార్టు మీద అందరి వరసల్లోనూ నక్షత్రాలు పడుతున్నాయి. ఆ చార్టులో అందరికంటే ఎక్కువ నడిచింది నేను, మా వరస ఒక్కటే ఖాళీ. ఒక్కదాన్నే నడిస్తే ఆరోగ్యం లెక్కలోకి రాదు మరి.

ఆదివారం అక్క ఫోన్ చేసి, “అక్కడ గొడవలంటగా, జాగ్రత్తే” అంది. “గొడవలేం లేవక్కా. గొడవ పడటానికైనా మనిషుండాలి కదా” అన్నాను. అక్కకు అర్థం కాలేదు. వంటేం చేశావని అడిగింది.

సమ్మె ఇంకా నడుస్తుండగానే ఒక సాయంత్రం కొత్తపేట రైతుబజారులో ఆగాను. కూరలు తక్కువ, ధరలెక్కువ. బెండకాయలు ఏరుకుంటున్నాను. అమ్మే ఆమె పక్క గుట్ట ఆమెతో మాట్లాడుతోంది.

“నిన్న రాలేదేందే?”

“మా కోడలికి ఆరాం లేదు. దవాఖానకు తోల్కపోయినం. సెలైన్ ఎక్కిచ్చిండ్రు.”

నా చేతిలో బెండకాయ చేతిలోనే ఉంది. “ఏమన్నారమ్మా?” అన్నాను. ఆమె నేను ధర గురించి అడుగుతున్నాననుకుని ధర చెప్పింది. “అది కాదు. మీ కోడలికి ఏం లేదన్నారు?”

“ఆరాం లేదమ్మా. పానం మంచిగ లేదు. జరమొచ్చింది.” ఇంత మాత్రం తెలియదా అన్నట్టు చూసింది.

బెండకాయలు అక్కడే పోసేశాను. ఆరాం లేదక్కా, నడుసుడు నాతోని కాదు. ఆ సన్న గొంతు ఇప్పుడు మళ్ళీ వినబడింది. మైకు లేకుండా వినబడింది.

ఒట్టి చేతులతో వెళ్ళకూడదు. మార్కెట్ బయట ఒక బండి మీద బత్తాయిలుంటే సంచినిండా వేయించుకున్నాను. ఆమె సందు తెలుసు గాని ఇల్లు తెలియదు. అడగాలంటే ఆ టెంటులోనే అడగాలి. వెళ్ళి నిలబడ్డాను. నోరు విప్పితే నేనెక్కడిదాన్నో తెలిసిపోతుంది. విప్పక తప్పలేదు. “ఏవండీ, ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేసే ఆవిడ, లారీ ఆయన భార్య... ఇల్లెక్కడండి?”

అండీ అన్నది రెండుసార్లు. కింద కూర్చున్న పెద్దాయన తలెత్తాడు. “ఆంధ్రానా అమ్మా?” అన్నాడు. అవునన్నాను. చేతిలో సంచి చూశాడు. “ఆమెకు ఆరాం లేదు గద. చూడనీకి ఒచ్చినవా? ఆ నీలం గేటు. మెల్లగ పో, మోరీ మీద బండ కదుల్తది.”

మురుక్కాలవ మీది బండ దాటి వెళ్ళి తలుపు కొడితే అత్త తీసింది. లోపల మంచం మీద ఆమె. మెడ సన్నబడింది, కళ్ళు పచ్చగా ఉన్నాయి. పచ్చకామెర్లు. సంచి మంచం మీద పెట్టాను. ఆమె ఒక కాయ తీసి వాసన చూసింది.

“మా ఊరి కాయలు నాకే తెచ్చినవా అక్కా.” మొహం వెలిగింది. “బస్సులు లేవు గద, ఎట్ల వస్తదిలే అనుకున్న. మా అత్తకు చెప్పిన, మా ఆఫీసుల గీ అక్క ఒక్కతే మంచిగ మాట్లాడింది, ఆరాం అయినప్పుడే రా అన్నది అని. అందరు ఎప్పుడొస్తవ్, ఎప్పుడొస్తవ్ అన్నోళ్ళే. కాని గదేంది, ఆరాం దొరికినప్పుడు అన్నవ్? ఆరాం దొరుకుడేంది? మల్ల రండి అన్నవ్. గోదారోళ్ళు ఆరాం లేనోళ్ళను మీరు అంటరేమో అన్నది మా అత్త.”

నా వెటకారం కాస్తా ఆ ఇంట్లో పరామర్శ అయి కూర్చుంది. దాన్ని అలాగే ఉండనివ్వచ్చు. కాని అలా దొరికిన మంచిపేరు ఎందుకో ఒంటికి పట్టలేదు. చెప్పేశాను. “నీకు తీరిక లేదన్నావనుకున్నాను. మాకు ఆరాం అంటే తీరికే. కోపమొచ్చి రండి అన్నాను.”

చేతిలో కాయ పక్కన పెట్టింది. “నేను గీడ సస్తుంటే తీరిక లేదన్న అనుకున్నవా?”

“వెనకాల పాటలు వినబడ్డాయి మరి.”

“గది సందు కొసకే టెంటాయె. నేనేమన్న మైకుల మాట్లాడిన్నా?” లేచి దిండుకు ఆనుకుంది. “మరి పానం బాగలేకుంటే మీ దిక్కు ఏమంటరు?”

“ఒంట్లో బాగోలేదంటాం.”

“గంత పొడుగా? గది చెప్పేలోపల పానం పోతది గదక్కా.”

నవ్వాను. ఆమె నవ్వింది. నవ్వితే పొట్ట పట్టుకుని ‘వద్దక్కా, నొస్తది’ అంటూనే నవ్వింది. అత్త వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి ఎవరికేమైందోనని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. చేతులు పైకెత్తించి నవ్వించే ట్రైనర్ మా ఆఫీసుకు ఎన్నిసార్లు వచ్చాడో గాని, నేను ఆ ఊళ్ళో నవ్విన మొదటి నవ్వు అదే. వెళ్ళేటప్పుడు బత్తాయి తొనలు వలిచి నా చేతిలోనే పెట్టింది.

ఆమె మళ్ళీ ఆఫీసుకు వచ్చేసరికి సమ్మె అయిపోయింది, బస్సులు తిరుగుతున్నాయి, ఫుట్‌పాత్ మీదికి చుడీదార్లు వచ్చేశాయి. మెల్లగా నడవమన్నాడట డాక్టరు. మెల్లగానే నడిచాం. అప్పటి నుంచి పొద్దున కనబడగానే “ఆరామేనా?” అని నేను అడిగేదాన్ని. “ఆరామే. నీకు దొరికిందా?” అని ఆమె అనేది. రెండు బల్లలకూ అర్థం కాలేదు. ఒకరోజు ఆమె నీళ్ళకని వచ్చి డబ్బాతో సహా మా బల్ల దగ్గరే కూర్చుంది. ఇంకోరోజు నేను గాలికని వెళ్ళి అక్కడే తిన్నాను. అంతే. బల్లలు కలవలేదు. మేమిద్దరం మాత్రం ఏ బల్ల దగ్గరైనా కూర్చునేవాళ్ళం.

బెస్ట్ బడ్డీ బహుమతి, రెండు నీళ్ళ సీసాలు, డిపో పక్క కొట్టు దగ్గర సిగరెట్లు కాలుస్తూ నక్షత్రాలు సంపాదించిన ఇద్దరు కుర్రాళ్ళకు ఇచ్చారు. వాళ్ళ విషయంలో బడ్డీ అన్న మాటకు రెండర్థాలూ సరిపోయాయి. కొన్నాళ్ళకు ముంబై వాళ్ళకు ఆరోగ్యం మీద మోజు తీరింది. చార్టు చింపేశారు, రిబ్బను విప్పేశారు, బజ్జీలు వచ్చేశాయి. మేము నడక మానలేదు. నక్షత్రాలు లేకుండా నడిచాం, రాష్ట్రం వచ్చేదాకా నడిచాం.

రాష్ట్రం వచ్చిన రోజు వాళ్ళ సందులో డప్పులు మోగాయి. ఆమె నా చేతిలో లడ్డూ పెట్టింది, తిన్నాను. నన్ను ఎవరూ పొమ్మనలేదు. ఆమె అన్నట్టే, ఒక్కరు కూడా అనలేదు. కంపెనీయే రెండు రాష్ట్రాలకు రెండు ఆఫీసులు పెట్టి, మీరు అటువారు కదా, సొంతవాళ్ళ దగ్గరికి పంపుతున్నామని ఎంతో మర్యాదగా నన్ను గోదావరి ఒడ్డుకు బదిలీ చేసింది. చివరి సాయంత్రం కొత్తపేట సందు దగ్గర ఆమె “పోయొస్తనక్కా” అనలేదు. “పోయిరా” అంది. నేను ఎల్బీనగర్ దాకా వెనక్కి తిరగకుండా నడిచాను.

మొదట్లో ఫోన్లో రోజూ ‘ఆరామేనా’ అనుకున్నాం. తర్వాత వారానికోసారి. తర్వాత పండగలకి. ఆమె ఉద్యోగం మానేసింది, నంబరు మారింది. పాత నంబరుకు చేస్తే ఎవరో మగమనిషి హిందీలో రాంగ్ నంబర్ అన్నాడు. ఇక్కడి ఆఫీసులో నన్ను తెలంగాణ మేడమ్ అంటారు. జర అంటాను, కిరాయి అంటాను, దవాఖాన అంటాను. అలవాటైన మాటలు, వదలవు. అక్కడున్నన్నాళ్ళూ ఆంధ్రాదాన్ని, ఇక్కడికొచ్చాక తెలంగాణదాన్ని. సొంతవాళ్ళు ఎవరో కంపెనీ చెప్పలేదు.

మొన్న జ్వరమొచ్చింది. రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. ఎందుకు కనబడలేదని ఎవరూ అడగలేదు. మూడో రోజు ఆదివారం. మంచం మీదే ఉన్నాను, లేచి నీళ్ళు తెచ్చుకునే ఓపిక లేదు. ఎప్పటిలాగే అక్క ఫోన్ చేసింది. ఏం చేస్తున్నావే అంది. ఏ మాట అనాలో నేను వెతుక్కోలేదు, అదే వచ్చింది.

“ఆరాం లేదక్కా.”

“ఆదివారం కూడా ఏం పనే నీకు” అంది అక్క. “సరేలే, ఆరాం దొరికినప్పుడే చెయ్యి” అని ఫోన్ పెట్టేసింది.